బిందెలో రివాల్వరు

కృష్ణా జిల్లా ఏర్పడిన నాటి నుంచీ రివాల్వరుకి పిండం పెట్టిన మనిషి ఉయ్యూరు సంజీవరావు ఒక్కడే.

సరే, పిండం దాకా వెళ్ళలేదు. పంతులుగారు దర్భలు బయటికి తీసేలోపే ఆటో దొరికింది. కానీ బస్సు బస్సంతా లేచి నిలబడి ఆ రివాల్వరుకి దణ్ణం పెట్టిన మాట మాత్రం నిజం. నమ్మనివాళ్ళు కంకిపాడు వెళ్ళి అడగవచ్చు. వాళ్ళు మాకేం తెలీదంటారు, అది వేరే సంగతి.

సంజీవరావుది ఉయ్యూరు సెంటర్లో స్టీలు సామాన్ల కొట్టు. పెళ్ళిళ్ళకీ పెద్దకర్మలకీ పంచిపెట్టే గిన్నెల మీద పేర్లు కొట్టిస్తామని బయట బోర్డు ఉంటుంది గానీ, కొట్టేది అతనే. చిన్న మిషను గుర్రుమంటూ గిన్నె మీద పాకుతుంటే, పేరులో అక్షరం తప్పిపోతుందేమోనని ప్రతి గిన్నెకీ అతనికి చెమటలు పడతాయి. యాభై దాటినా అంతే. కుక్కరు రెండో విజిలు వేస్తే వీధి గుమ్మంలోకి వస్తాడు. గ్యాసు బండ మార్చే రోజున కొట్టు త్వరగా తెరుస్తాడు. దీపావళికి చెవుల్లో దూది పెట్టుకుని, దుప్పటి కప్పుకుని, మతాబులు కాల్చే పిల్లల్ని కిటికీ లోంచి తిడతాడు. పిల్లలకి కాకరపువ్వొత్తుల కంటే ఆ తిట్లే ఇష్టం.

అలాంటి మనిషికి తండ్రి వెంకటప్పయ్యగారు రివాల్వరు వదిలిపెట్టి పోయారు.

పెద్దకర్మ అయిన మర్నాడు, కొత్త గుండు మీద చెయ్యి వేసుకుని అరుగు మీద కూర్చున్న సంజీవరావు ఒళ్ళో తల్లి సీతారావమ్మ ఒక పట్టుగుడ్డ మూట పెట్టింది.

"ఒరేయ్ సంజీవూ, ఇది మీ తాతది. తరవాత మీ నాన్నది. ఇహ నీది. కాయితాలు నీ పేర మార్పించుకో."

విప్పి చూస్తే అది రివాల్వరులా లేదు. చేతులూ కాళ్ళూ లేని పసుపు బొమ్మలా ఉంది. చెరకు తోటల్లో పడే అడవిపందుల్ని బెదరగొట్టడానికి తాత కొన్నాడట. పందులు బెదిరాయో లేదో గానీ, రివాల్వరు మాత్రం పూజ గదిలో స్థిరపడిపోయింది. ఏటా దసరాకి కత్తిపీట, పార, కొడవలి, ఆయిలింజను స్పానర్ల పక్కన దాన్నీ పీట మీద పెట్టడం, పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టడం, నువ్వులనూనె పొయ్యడం, అక్షతలు వెయ్యడం, కొబ్బరినీళ్ళు చల్లడం. పూజ చేసినదాన్ని తుడిస్తే దోషమని తుడిచింది లేదు. ఏటికేడూ పేరుకుని, గట్టిపడి, తూటాలు పెట్టే చక్రం బిగుసుకుపోయింది. తిప్పితే తిరగదు, లాగితే తెరుచుకోదు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా వెంకటప్పయ్యగారు దాన్ని ఆ పట్టుగుడ్డతోనే స్టేషన్లో అప్పగించి, ఆ పట్టుగుడ్డతోనే తెచ్చుకునేవారు. కుంకుమ మరకలు చూసి పోలీసులు కూడా మూట విప్పేవారు కాదు.

"అమ్మా, లోపల తూటా ఉందా?"

"ఏమోరా. మీ నాన్న ఒకటి ఎప్పుడూ లోపలే ఉంచేవాడు. తరవాత తీశాడో లేదో. నేను పూజ చేసేదాన్ని గానీ లోపల చూసేదాన్నా?"

సంజీవరావు ఒళ్ళో ఉన్న దాని గొట్టం అప్పటికి తల్లి వైపే ఉంది. గాజుగిన్నె జరిపినట్టు మెల్లిగా పక్కకి జరిపాడు. అటు పాలవాడు సైకిలు దిగుతున్నాడు. ఇంకొంచెం జరిపాడు. అటు భార్య తులసికోట దగ్గర నీళ్ళు పోస్తోంది. పైకెత్తితే డాబా మీద ఎవరో బట్టలు ఆరేస్తున్నారు. తన వైపు తిప్పుకుంటే, ఇహ చెప్పేదేముంది. ఊళ్ళో ఇంతమంది మనుషులున్నారని, ఏ దిక్కు చూసినా ఎవరో ఒకరు బతికే ఉన్నారని సంజీవరావుకి ఆ పూటే తెలిసింది.

దాన్ని అరుగు మీద నేలకి గురిపెట్టి ఉంచి, చుట్టూ నాలుగు బిందెలు బోర్లించి, స్టేషనుకి పరిగెత్తాడు.

ఎస్సై మేడం అంతా విని కుర్చీలో వెనక్కి వాలింది.

"లోపలేముందో తెలియనిదాన్ని నా స్టేషన్లో పెట్టుకోను సార్. విజయవాడ వన్‌టౌన్లో లైసెన్సున్న రిపేరు కొట్టుంది. తెరిపించి, బాగుచేయించి, పనిచేస్తోందని కాయితం రాయించుకు రండి. అప్పుడు లైసెన్సు మీ పేర పెడదాం. ఈలోగా మీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అది దొంగ ఆయుధం కింద లెక్క."

"అంటే ఏం చేస్తారండీ?"

"చేసేదేముంది సార్, కేసు రాస్తాం. రేపే వెళ్ళండి. మా ఆమోసు తోడొస్తాడు."

ఆమోసు హెడ్ కానిస్టేబులు. రిటైర్మెంటు దగ్గర పడిన మనిషి. జీపు బందోబస్తుకి పోయింది గనక బస్సే గతి అన్నాడు. ఆటోలో అయితే కుదుపులకి ముందు పేలుతుంది, తరవాత ఊరొస్తుంది అని కూడా అన్నాడు. రివాల్వరుని ఇసుకలో పాతిపెట్టి తీసుకెళ్ళాలన్న ఉపాయం కూడా ఆయనదే.

"ఇసుకలో తూటా ఆగిపోద్దండీ. ట్రైనింగులో చెప్పారు."

"ఎప్పుడు చెప్పారు?"

"నేను సన్నగా ఉన్నప్పుడు."

సంజీవరావు కొట్లోంచి గట్టి బిందె ఒకటి తెచ్చాడు. పక్క వీధిలో ఇల్లు కడుతున్న వాళ్ళని అడిగి సన్న ఇసుక పోశాడు. రివాల్వరు ముక్కు కిందికి పెట్టి దించి, మూతికి తండ్రి తెల్ల ఉత్తరీయం కట్టాడు. ఇంత జాగ్రత్తపడ్డవాళ్ళు ఒక్కటి మర్చిపోయారు. కొత్తగా గుండు చేయించుకున్న మనిషి, తెల్ల గుడ్డ కట్టిన బిందె ఒళ్ళో పెట్టుకుని బెజవాడ బస్సెక్కితే చూసేవాళ్ళు ఏమనుకుంటారన్నది.

కండక్టరు టిక్కెట్లు కొడుతూ వచ్చి, బిందె చూసి గొంతు తగ్గించాడు. "ఎవరండీ?"

సంజీవరావు నోరు తెరిచేలోపే ఆమోసు అందుకున్నాడు. "వీళ్ళ నాన్నగారు."

కండక్టరు చెప్పులు విడిచి దణ్ణం పెట్టి, వెనక్కి చూస్తూ వెళ్ళిపోయాడు. పక్క సీట్లవాళ్ళు ఒక్కొక్కరే లేచి వెనక్కి సర్దుకున్నారు. సంజీవరావుకి ప్రాణం లేచొచ్చింది. ఎవరూ దగ్గర లేకపోతే అంతే చాలు. బిందె రెండు పాదాల మధ్య పెట్టుకుని, మోకాళ్ళతో నొక్కిపట్టి, రోడ్డు మీద ప్రతి గుంటనీ బస్సు కంటే ముందు చూస్తున్నాడు. గుంట వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకుంటున్నాడు. తెరిచాక ముందు తన కాళ్ళు చూసుకుంటున్నాడు, తరవాత ఆమోసు కాళ్ళు.

రెండో స్టాపులో ఒక పెద్దావిడ ఎక్కి, ఎవరూ కూర్చోని సీటు దొరికినందుకు సంబరపడి, ఎదురుగా కూలబడింది.

"ఎవరి పిల్లాడివి నాయనా?"

"వెంకటప్పయ్యగారి అబ్బాయినండీ."

"అయ్యో, వెంకటప్పయ్య బావే! నేను కనకలక్ష్మిని. మీ నాన్న నాకు వరసకి బావ అవుతాడు. కడచూపుకి కూడా రాలేకపోయాను. ఒక్కసారి ఒళ్ళో పెట్టుకోనీ నాయనా." రెండు చేతులా బిందె ఎత్తబోయి, ఎత్తలేక దించేసింది. "ఇంత బరువేంటయ్యా! బతికినన్నాళ్ళూ మాట మెదపని మనిషి, అంతా లోపలే దాచుకున్నాడనుకుంటా."

"కదపకండీ, మీకు పుణ్యముంటుంది, కదపకండీ" అన్నాడు సంజీవరావు. గొంతు సన్నబడి ఆడపిల్ల గొంతులా వచ్చింది.

"పితృభక్తమ్మా" అన్నాడు ఆమోసు.

కంకిపాడు దగ్గర గేదె అడ్డం వచ్చింది.

డ్రైవరు బ్రేకు తొక్కాడు. బస్సు ఆగింది గానీ బిందె ఆగలేదు. సంజీవరావు మోకాళ్ళ మధ్య నుంచి జారి, పక్కకి పడి, ఉత్తరీయం ఊడి, ఇసుక కక్కుకుంటూ నడవలో ముందుకి దొర్లిపోయింది. అతను కళ్ళు మూసుకుని చెవులు మూసుకున్నాడు. ఇప్పుడే. ఇప్పుడే. ఈసారి తప్పదు. ఊపిరి బిగబట్టి ఆ చప్పుడు కోసం ఎదురు చూశాడు. చప్పుడు రాలేదు. వేళ్ళ సందుల్లోంచి మనుషుల మాటలు వినిపించాయి.

"తొక్కకండమ్మా, తొక్కకండి, పెద్దాయన కింద పడ్డాడు!"

కళ్ళు తెరిచాడు. బస్సులో సగం మంది నడవలో కూర్చుని, ఇసుకని దోసిళ్ళతో భక్తిగా ఎత్తి బిందెలో పోస్తున్నారు. కనకలక్ష్మి కొంగు పరిచి ఎత్తుతోంది. ముందు సీటు దగ్గర ఇసుక కుప్పలోంచి రివాల్వరు పిడి, పసుపు పెచ్చులూడి, నల్లగా పైకి తేలి ఉంది. అది చూసి ఆవిడ నోరు కొంగుతో మూసుకుంది.

"అయ్యయ్యో, ఎముక సరిగ్గా కాలనే లేదు కదయ్యా!"

సంజీవరావు ఎముక చూడటం లేదు. గొట్టం ఎటు చూస్తోందో చూస్తున్నాడు. ముందు సీట్లో ఒక తల్లి ఒళ్ళోంచి చంటిబిడ్డ కిందికి జారి, ఇసుక కుప్ప ముందు చతికిలబడి, పిడికిలి నిండా ఇసుక పట్టుకుని నవ్వుతోంది. ఇసుకలోంచి బయటపడ్డ గొట్టం కొస ఆ బిడ్డ బొజ్జకి ఎదురుగా ఉంది. కనకలక్ష్మి చెయ్యి పిడి వైపు పోతోంది.

ఆ తరవాత ఏం చేశాడో సంజీవరావుకే సరిగ్గా తెలీదు. కుక్కరు విజిలుకి వీధిలోకి పరిగెత్తే మనిషి, మనుషుల మీదుగా పాక్కుంటూ పోయి, బిడ్డకీ గొట్టానికీ మధ్య దభీమని బోర్లా పడ్డాడు. పొట్టకి చల్లగా ఇనుము ఆనింది. లేవలేదు. ఏడుస్తున్నాడు. బిడ్డని ఎవరైనా ఎత్తుకోండి, బిడ్డని ఎత్తుకోండి అని మాత్రం అంటున్నాడు.

తండ్రి మీద ప్రేమంటే అదీ అని బస్సంతా లేచి నిలబడి దణ్ణం పెట్టింది ఆ క్షణంలోనే. ఆమోసు తువ్వాలు వేసి, దాని కింద నుంచి రివాల్వరుని బిందెలోకి దించేశాడు. బెజవాడ బస్టాండులో పంతులుగారొకరు ఎదురొచ్చి, "నిమజ్జనమేనా బాబూ, గోత్రం చెప్పండి" అన్నప్పుడు ఆమోసు, "ముందు ఆటో, తరవాత గోత్రం" అని సంజీవరావుని లాక్కుపోయాడు.

వన్‌టౌన్లో రిపేరు కొట్టు నడిపే జక్కయ్యకి డెబ్బై దాటాయి. కోతుల్ని తోలే ఎయిర్‌గన్నులూ, స్కూళ్ళలో పరుగుపందేలకి పేల్చే పిస్తోళ్ళూ బాగుచేస్తూ బతుకుతున్నాడు. మాటలు మాత్రం యుద్ధానికి వెళ్ళొచ్చినవాడివి.

"ఇలాటివి వందలు తెరిచానండి. కళ్ళు మూసుకుని తెరుస్తా" అని, బిందెలోకి తొంగి చూసి, "లోపల ఉందా లేదా తెలీదంటారా?" అని ఒక అడుగు వెనక్కి వేశాడు. "అయితే ముందు ప్రార్థన చేసుకుందాం."

ఆ ప్రార్థన ఎంతకీ తెమల్లేదు. లోపల్నించి ఆయన భార్య అమలమ్మ అరిచింది. "ఏమయ్యా, ఈ గోడవతల ట్యూషన్ పిల్లలున్నారు. ఆ గోడవతల హోటలుంది. పైన నేను మిరపకాయలు ఎండేశాను. ఎటు తిప్పుతావో చూసుకో!"

ఎటూ తిప్పలేదు. ముక్కు ఇసుకలో ఉంచే, పైకి కనిపించినంత మేరా ఏదో ద్రావకం పోసి నానబెట్టారు. పసుపు పెచ్చులు పెచ్చులుగా ఊడింది. నువ్వులనూనె కంపు కొట్లో నిండింది. జక్కయ్య ఒక మర విప్పబోతే అది సగానికి విరిగింది. "దీనికి పుట్టినప్పటి మర పనికిరాదండి" అంటూ బిస్కెట్ల డబ్బా ఒకటి బోర్లించాడు. నిండా మరలూ, స్ప్రింగులూ, మీటలూ. చచ్చిపోయిన రివాల్వర్ల అవయవాలు. "ఏ జమీందారుగారి స్ప్రింగు ఏ రైతుగారి దాంట్లో ఉందో ఆ యేసయ్యకే తెలియాలి" అని వెతికి, సరిపోయే మర తీసి, సరిపోయే మీట తీసి పక్కన పెట్టుకున్నాడు. సంజీవరావూ ఆమోసూ ఇనప బీరువా వెనక నిలబడ్డారు. ముందుగా వెళ్ళింది ఆమోసే. ఒక నిమిషం అయ్యాక సంజీవరావు ఆయన వెనక చేరాడు.

కటుక్కుమంది.

చక్రం పక్కకి తెరుచుకుంది. తూటాలు ఉండాల్సిన గదుల్లోంచి నల్లబడిన అక్షతలు రాలాయి. ఒక గది, రెండో గది, అన్నీ బియ్యమే. సంజీవరావు బీరువా వెనక నుంచి ఒక కాలు బయటపెట్టాడు. చివరి గదిలో బియ్యం లేదు. జక్కయ్య సన్న ఊచతో నెమ్మదిగా తోస్తే, పచ్చగా చిలుం పట్టిన తూటా ఒకటి ఆయన అరచేతిలో పడింది.

"ఉందండీ" అన్నాడు జక్కయ్య. దాన్ని వెలుగులో తిప్పి చూసి, కళ్ళజోడు పైకెత్తాడు. "ఇదేంటిది? అడుగున సొట్ట ఉందే. ఇది లోపల ఉండగా ఎవరో మీట నొక్కారండీ, ఎప్పుడో. స్ప్రింగు అప్పటికే విరిగి ఉంది గనక దెబ్బ తగిలింది గానీ పేలేంత గట్టిగా ఆనలేదు. తూటా మాత్రం బంగారం లాటిది. ఆ రోజు స్ప్రింగు బాగుంటే ఎదురుగా ఉన్న మనిషి లేడన్నమాటే."

సంజీవరావు బీరువా పట్టుకున్నాడు.

అప్పుడతనికి తొమ్మిదో పదో ఏళ్ళు. దసరా. పూజ అయిపోయింది. పెద్దవాళ్ళు పెరట్లో ఉన్నారు. పీట మీంచి రెండు చేతులతో ఎత్తితే గానీ అది లేవలేదు. వంటింట్లో అమ్మ అటు తిరిగి గారెలు వేస్తోంది. జాకెట్టు చెమటకి వీపుకి అతుక్కుపోయి ఉంది. ఆ వీపుకి గురిపెట్టి, రెండు వేళ్ళతో నొక్కాడు. టిక్కుమంది. అమ్మ తిరిగి చూసిందో లేదో గుర్తు లేదు. మూకుట్లో నూనె చిటపటలు మాత్రం గుర్తున్నాయి.

జక్కయ్య ఈలోగా విరిగిన స్ప్రింగు లాగేసి, డబ్బాలోంచి మంచిది ఏరి బిగించాడు. ఖాళీ రివాల్వరుని ఇసుక వైపు తిప్పి మీట నొక్కాడు.

ఠక్!

కొట్టులో గాజు సీసాలు మోగాయి. పక్క గోడవతల పిల్లలు ఎక్కాలు చదవడం ఆపారు. "అదండీ దెబ్బంటే!" అన్నాడు జక్కయ్య మెరిసిపోతూ. "ఇప్పుడు చూడండి, తప్పితే నన్నడగండి."

"తీసెయ్యండి" అన్నాడు సంజీవరావు.

"ఏంటండీ?"

"ఆ స్ప్రింగు. తీసెయ్యండి. విరిగిందే పెట్టెయ్యండి."

"మీకేమన్నా మతిపోయిందా? పనిచెయ్యకుండా నా కొట్లోంచి ఒక్క తుపాకీ బయటికి పోలేదు!"

"ఏమండీ, పనిచెయ్యకపోతే లైసెన్సివ్వరు" అన్నాడు ఆమోసు నెమ్మదిగా. "మీ అమ్మగారికి ఏం చెప్తారు?"

"నాకు లైసెన్సొద్దు. స్టేషన్లో ఇచ్చేస్తాను. ఎవరి చేతిలోనూ ఇది పనిచెయ్యకూడదు." చేతులు జోడించాడు.

గుమ్మంలోకి వచ్చిన అమలమ్మ అతని మొహం చూసి, "తీసెయ్యవయ్యా. మళ్ళీ మాట్లాడకు" అంది. జక్కయ్య సణుక్కుంటూ తీశాడు. బాగుచేసినదాన్ని పాడుచెయ్యడం జీవితంలో ఇదే మొదలని, దీనికి ఆ పైవాడికి జవాబు చెప్పుకోవాలని గొణిగాడు. పనికిరాదని కాయితం రాసిచ్చాడు.

సాయంత్రానికి రివాల్వరూ తూటా స్టేషన్లో చేరాయి. సంజీవరావు ఇంటికొచ్చేసరికి సీతారావమ్మ అరుగు మీద బెండకాయలు తరుగుతోంది. ఆవిడ వీపు వైపు నుంచి రావలసి వచ్చింది. రాలేక, చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చాడు.

"తెరుచుకుందిట్రా?"

"తెరుచుకుంది. ఇహ పనికిరాదన్నారు. ఇచ్చేశాను."

"పోన్లే. లోపలేమన్నా ఉందా?"

"ఏం లేదు. నీ అక్షతలే."

"నువ్వెళ్ళాక నాకూ గుర్తొచ్చిందిరా, ఉండదని." సీతారావమ్మ నవ్వింది. "చిన్నప్పుడు ఓసారి నా వీపుకి గురిపెట్టి నొక్కావుగా నువ్వు. గారెలు వేస్తున్నా. టిక్కుమంటే తిరిగి చూశాను. తూటా ఉంటే పేలేదేగా? మీ నాన్న గుమ్మంలో నిలబడున్నాడు. మనిషి సున్నం కొట్టిన గోడలా అయిపోయాడు. ఆ పూట గారె ముట్టలేదు, అన్నమూ తినలేదు. అది మొదలు ఏటా పూజ దగ్గర కూర్చుని, నూనె ఇంకా పొయ్యి, అక్షతలు దట్టించు అనేవాడు. దేవుడంటే లెక్కలేని మనిషికి ఈ భక్తేంటా అనుకునేదాన్ని."

సంజీవరావు అరుగు కింద మెట్టు మీద కూర్చుండిపోయాడు. తండ్రిని ఎవరూ ఏనాడూ పిరికివాడనలేదు. తెరిచి చూసే ధైర్యం లేక, దాన్ని ఎవరూ తెరవకుండా నూనె పోయిస్తూ, అంత పెద్దమనిషి అన్ని దసరాలు ఎలా గడిపాడో అతనికి ఊహకందలేదు.

"నేనా?" అన్నాడు చివరికి. "నేనెప్పుడు గురిపెట్టాను? అలాటిదేం జరగలేదు."

"ఓరి నీ ఇల్లు బంగారం గాను, నా కళ్ళతో చూశానురా!"

"జరగలేదమ్మా."

అప్పటి నుంచీ అదే మాట. బస్సు సంగతి ఒప్పుకుంటే రివాల్వరు సంగతి ఒప్పుకోవాలి. రివాల్వరు ఒప్పుకుంటే, లోపలేముందని అడుగుతారు. సీతారావమ్మ మధ్యాహ్నాలు కొట్లోనే, ఫ్యాను కింద కుర్చీలో కూర్చుంటుంది. చెవులు పాము చెవులు. రిటైరైన ఆమోసు కూడా రోజూ అక్కడే స్టూలు మీద కూర్చుని, గిన్నెలు కొనడానికి వచ్చిన ప్రతివాడికీ బస్సు కథ చెబుతుంటాడు, తూటా మాట మాత్రం ఎత్తడు. విన్నవాళ్ళు నవ్వాపుకోలేక, నిజమేనా అండీ అని సంజీవరావునే అడుగుతారు.

అతను మిషను ఆపి, ముందు తల్లి వైపు ఒకసారి చూస్తాడు.

"రివాల్వరా? మా ఇంట్లోనా? పచ్చి అబద్ధం. నేనసలు బెజవాడే వెళ్ళలేదు."

"మరి ఈయన పక్కనే ఉన్నానంటున్నాడే?"

సంజీవరావు స్టూలు మీదున్న ఆమోసుని పైనుంచి కిందిదాకా చూస్తాడు.

"ఈయనెవరో నాకు తెలీదండీ."